తెల్లద్రాక్షల వంశకథ

(ప్రసంగ పాఠము)



ద్రాక్షతోటను కన్నులార చూడనివారికి సైతము ద్రాక్ష అను మాట తెలుగున చిరపరిచితము. కావ్యముల రసమును నిర్ణయించు లాక్షణికులు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని పాకములను విభజించిరి. నోట వేసికొన్నంతనే రసము నిచ్చునది ద్రాక్షాపాకము. తొక్క ఒలిచినగాని అందనిది కదళీపాకము. పీచు తీసి, పెంకు పగులగొట్టి, శ్రమపడినగాని చిక్కనిది నారికేళపాకము. పంచారామములలో ఒకటైన దాక్షారామమును ప్రజలు ద్రాక్షారామముగా పలుకుచునే యున్నారు. వైద్యుల యిండ్లలో ద్రాక్షారిష్టము, ద్రాక్షాసవము అను సీసాలు తరతరములుగా నున్నవి. ద్రాక్షరసమునకు ధాతకీ పుష్పములను చేర్చి పులియబెట్టు విధానమును ఆయుర్వేదము ఏనాడో చెప్పినది. కావున నేటి ప్రసంగవిషయము మొదట వినుటకు విదేశీయముగా తోచినను, కొంచెము లోనికి పోయిన కొలది అంత పరాయిది కాదని సభాసదులకు తెలియగలదు.

విషయము తెల్లద్రాక్షలు, వానినుండి తయారగు వైనులు. ఇచట ఒక మాట ముందుగా చెప్పవలసియున్నది. మన రాజ్యాంగమున 47వ అధికరణము మత్తుపానీయముల నిషేధమును ప్రభుత్వముల కర్తవ్యముగా నిర్దేశించుచున్నది. పానము యొక్క గుణదోషములను చర్చించుట గాని, దానిని ప్రోత్సహించుట గాని ఈ ప్రసంగమునకు లక్ష్యము కాదు. ఒక మొక్క మానవునితో కలిసి వేల సంవత్సరములు నడచిన దారిని, ఆ దారిలో గౌరవము పొందిన దెవ్వరో, తిరస్కారము పొందిన దెవ్వరో, తుదకు తేలిన నిజమేమో తెలిసికొనుటయే లక్ష్యము. ద్రాక్షరసము ద్రాక్షాపాకమే కాని, ద్రాక్ష చరిత్ర మాత్రము నారికేళపాకము. అది పగిలి లోని నీరు చేతికందినది మొన్నమొన్ననే.

మొట్టమొదట తెలుపు అనగా ఏమో చూడవలెను. తెల్లద్రాక్ష నిజముగా తెల్లనిది కాదు. లేత ఆకుపచ్చ, పసుపు, బంగారు చాయలు కలది. తెల్ల వైనును తెల్లనిది కాదు. లేత గడ్డిరంగు మొదలు ముదురు తేనెరంగు వరకు దాని వన్నెలు పలువిధములు. ఇంకొక వింత కలదు. నల్లద్రాక్షలలో మిక్కిలి భాగము రంగు తొక్కలోనే యుండును. లోని రసము దాదాపు వర్ణరహితము. నల్లద్రాక్షను తొక్కతో కూడ పులియబెట్టినచో ఎర్ర వైను అగును. వెంటనే పిండి, తొక్కను తీసివేసి, రసమును మాత్రమే పులియబెట్టినచో నల్లద్రాక్షనుండియు తెల్ల వైను వచ్చును. ఫ్రాన్సు దేశపు షాంపేన్ ప్రాంతమున పినో నువార్, మూనియే అను నల్లద్రాక్షలనుండి తెల్లని బుడగల వైనును తయారుచేయుట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము.

పులియుట అనగా ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చుట. చక్కెర అంతయు మారిపోయినచో తీపి లేని వైను అగును. కొంత మిగిలినచో తీపి వైను అగును. అయితే తెల్ల వైనునకు ప్రాణము తీపి కాదు, పులుపు. ద్రాక్షలోని ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లము. మన చింతపండులోని పులుపును అదియే. చారు కాచు ఇల్లాండ్రకు వేరుగా చెప్పనక్కరలేదు, పులుపు తగినంత లేనిచో తక్కిన రుచులన్నియు చప్పబడును. చలిదేశములలో ద్రాక్ష నెమ్మదిగా పండును గనుక పులుపును, సువాసనను నిలుపుకొనును. ఎండ మెండుగానున్న చోట త్వరగా పండి, తీపి పెరిగి, పులుపు తరుగును. మేలైన తెల్ల వైనులు చలిగాలి వీచు నదీతీరములందు, కొండవాలులందు పుట్టుటకు ఇదియే కారణము.

ఇక ద్రాక్షజాతి అనగా ఏమి? మామిడిటెంకను నాటినచో తల్లిచెట్టు కాయయే కాయునన్న నమ్మకము లేదని మన రైతులకు తెలియును. అందువలననే బంగినపల్లి కావలెనన్నచో బంగినపల్లి కొమ్మనే అంటు కట్టుదురు. ద్రాక్షయు నిట్టిదే. విత్తునుండి పుట్టిన ప్రతి మొక్కయు ఒక క్రొత్త వ్యక్తి. అది నచ్చినచో రైతు దాని కొమ్మను కోసి నాటును. ఆ కొమ్మ పెరిగిన పిదప దాని కొమ్మను మరియొకడు నాటును. ఈ విధముగా నేడు లోకమున లక్షల ఎకరములలో వ్యాపించిన ఏ ప్రసిద్ధ జాతియైనను ఒకప్పుడు ఏదో ఒక పొలమున, ఒకే ఒక విత్తునుండి మొలచిన ఒకే ఒక మొక్క. ఆ మొక్కను గుర్తించి కాపాడిన రైతు పేరు మాత్రము ఏ గ్రంథమునను లేదు. తెల్లద్రాక్షలు నల్లవాని నుండియే కలిగినవనియు, తొక్కకు రంగు నిచ్చు రెండు ఇరుగుపొరుగు జన్యువులు చెడిపోవుట అందుకు కారణమనియు 2007లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

లోకమున ప్రసిద్ధమైన కొన్ని తెల్లద్రాక్షలను ఇప్పుడు పరిచయము చేసికొందము.

అన్నింటిలో విశేషప్రచారము పొందినది షార్డొనే. దీని పుట్టినిల్లు ఫ్రాన్సు దేశమున బర్గండీ. మాకాన్ ప్రాంతమున షార్డొనే యను గ్రామము నేటికిని కలదు. ఈ ద్రాక్షకు స్వతస్సిద్ధమైన సువాసన తక్కువ. కాని అది లోపము కాదు. మంచి తంబురావలె ఏ నేల శ్రుతిని ఆ నేలకు తగినట్లు పలికించును. బర్గండీ ఉత్తరభాగమున షాబ్లీ అను చోట నేల సున్నపురాయి, బంకమన్ను కలిసినది; అందు కోట్ల సంవత్సరముల నాటి చిన్న ఆల్చిప్పల శిలాజములు నిండియుండును. అచటి వైను చురుకైన పులుపుతో, రాతిని తాకినట్లు చల్లగా నుండును. దక్షిణమున మొంరాషే యను తోట కలదు. దాని వైశాల్యము సుమారు 8 హెక్టార్లు, అనగా మన లెక్కను 20 ఎకరములు మాత్రమే. అచట అదే షార్డొనే వెన్న, తేనె, కాల్చిన గింజల సువాసనలతో గంభీరమైన వైను నిచ్చును. ఓకు కొయ్య పీపాలలో నిలువయుంచుట వలన ఆ గాంభీర్యము ఇనుమడించును.

షార్డొనే కీర్తిలో ఒక పరీక్షాఘట్టము కలదు. 1976 మే 24న పారిస్ నగరమున స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ వర్తకుడు ఒక పోటీ నేర్పరచెను. సీసాల పేర్లను మరుగుపరచి, బర్గండీ షార్డొనేలను, అమెరికాలోని కాలిఫోర్నియా షార్డొనేలను కలిపి ఫ్రెంచి నిపుణులకు రుచి చూపించెను. వారు ప్రథమస్థానమిచ్చినది కాలిఫోర్నియాలోని షాతో మాంటెలేనా వారి 1973 సంవత్సరపు వైనునకు. పేరు కనబడనప్పుడు నాలుక నిజము చెప్పునని ఆనాడు లోకమునకు తెలిసెను.

రెండవది రీస్లింగ్. ఇది జర్మనీ దేశపు ద్రాక్ష. దీని పేరు మొదటిసారి కనిపించునది ఏ కావ్యమునందో కాదు, ఒక జమాఖర్చు పుస్తకమునందు! 1435 మార్చి 13న రూసెల్స్‌హైమ్ అను చోట కాట్జెనెల్న్‌బోగెన్ ప్రభువు కొలువులో వ్రాసిన లెక్కలలో రీస్లింగ్ తీగల కొనుగోలు నమోదైనది. గుమాస్తా వ్రాసిన ఒక పద్దు ఆరు వందల యేండ్లకు చరిత్ర యగుట చూచి, కార్యాలయములలో దినదినము పద్దులు వ్రాయువారు కొంత ఊరట పొందవచ్చును.

రీస్లింగ్ చరిత్రలో ఉద్యోగులు వినదగిన కథ మరియొకటి కలదు. రైన్ నదీతీరమున యోహానిస్‌బెర్గ్ అను మఠపు తోటలో 1720 ప్రాంతమున రీస్లింగును విరివిగా నాటిరి. ఆ తోట దూరమున నున్న ఫుల్డా మఠాధిపతి అధీనమున నుండెను. ఆయన వ్రాతపూర్వకమైన అనుమతి రానిదే పండ్లు కోయరాదని నియమము. 1775లో ఆ అనుమతిని తీసికొనివచ్చు వార్తాహరుడు ఆలస్యము చేసెను. కారణములను పలువురు పలువిధములుగా చెప్పుదురు. అతడు వచ్చునప్పటికి పండ్లు తీగలమీదనే మితిమీరి పండి, ముడుతలుపడి, బూజు పట్టియుండెను. గత్యంతరము లేక వానినే కోసి పిండిరి. ఆ వైను అమృతోపమముగా నుండెను. నాటినుండి కావలెననియే ఆలస్యముగా కోయుట ఆచారమై, ష్పేట్‌లేజె, అనగా ఆలస్యపు కోత, అను పేరు స్థిరపడెను. ఆ వార్తాహరుని విగ్రహము నేటికిని ఆ ప్రాంగణమున గుఱ్ఱముపై నిలిచియున్నది. ఉత్తరువు ఆలస్యముగా చేరుటవలన లోకమునకు మేలు కలిగిన సందర్భములు అరుదు. అందుచేత దీనిని ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనుట మంచిది. ఆదర్శముగా తీసికొనుట మాత్రము మంచిది కాదు.

రీస్లింగునకు రెండవ రాజధాని మోజెల్ లోయ. అచట పలకరాతి కొండవాలులు మిక్కిలి నిటారైనవి. బ్రెమ్ గ్రామపు కాల్మొంట్ కొండ వాలు సుమారు 65 డిగ్రీలు. పగటి ఎండవేడిని నల్లపలకలు పీల్చుకొని, రాత్రివేళ తీగలకు తిరిగి యిచ్చును. 1787లో ట్రియర్ పాలకుడైన క్లెమెన్స్ వెన్సెస్లాస్ నాసిరకపు తీగలను పెరికి మేలురకములు నాటవలసినదిగా ఆజ్ఞాపించెను. దాని ఫలితముగా రీస్లింగ్ ఆ లోయయందు వ్యాపించెను. నిమ్మ, ఆపిలు, తేనెల వాసనలు దీని బాల్యలక్షణములు. వయసు మళ్లిన రీస్లింగ్ సీసానుండి కిరసనాయిలును పోలిన వాసన వచ్చుట మరియొక వింత. తెలియనివాడు పారబోయును. తెలిసినవాడు దానికొరకే దాచియుంచును.

మూడవది సోవిన్యోన్ బ్లాన్. ఫ్రాన్సు దేశమున లువార్ నదీతీరపు సాంసేర్, పుయీ గ్రామములు దీనికి ప్రసిద్ధి. కోసిన పచ్చగడ్డి, ఉత్తరాదివారు సిమ్లా మిర్చి యను పెద్దమిరపకాయ, ఈ రెండింటి వాసన దీని గుర్తు. ఈ పోలిక కవుల కల్పన కాదు. ఆ మిరపకాయకు వాసననిచ్చు రసాయన ద్రవ్యవర్గమే ఈ ద్రాక్షయందును కలదు. న్యూజీలాండులోని మార్ల్‌బరో లోయలో 1973లో వాణిజ్యపు తోటలు వేయుట ఆరంభించిరి. అనతికాలముననే ఆ మారుమూల లోయ ఈ ద్రాక్షకు రెండవ పుట్టినిల్లుగా పేరొందెను. ఎర్ర వైనులకు రాజనదగిన కబెర్నే సోవిన్యోన్ అను నల్లద్రాక్ష, కబెర్నే ఫ్రాన్ అను నల్లద్రాక్షకును ఈ తెల్లద్రాక్షకును పుట్టిన సంతానమని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో జాన్ బవర్స్, కరోల్ మెరెడిత్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

నాలుగవది శెనిన్ బ్లాన్. దీని కథ స్వస్థలమునకు దూరముగా కాపురముండువారి మనసునకు హత్తుకొనునది. ఇదియు లువార్ తీరపు బిడ్డయే. వూవ్రే గ్రామమున దీనినుండి తీపి లేనివి, తీపివి, బుడగలవి అన్ని విధములైన వైనులు తయారగును. పదునేడవ శతాబ్దమున ఐరోపావారు దక్షిణాఫ్రికాయందు ద్రాక్షలు నాటిననాటి తోటలలో ఈ తీగయు నుండెనని విశ్వసింతురు. అచట దానికి స్టీన్ అను పేరు వచ్చినది. తరములు గడచిన కొలది అది ఆ దేశపు సొంతజాతియే యని జనులు నమ్మిరి. 1960ల దశకమున ఆకు, గుత్తి, గింజలను పోల్చి పరిశీలించిన పండితులు స్టీన్ మరేదియు కాదు, శెనిన్ బ్లానే యని తేల్చిరి. నేడు లోకమున శెనిన్ బ్లాన్ అత్యధికముగా పెరుగుచున్నది పుట్టిన దేశమున కాదు, దక్షిణాఫ్రికాలో. పేరు మారినది, నేల మారినది, పలుకరించు భాష మారినది. ఆకు అంచు మాత్రము మారలేదు.

ఐదవది సెమియోన్. బోర్డో ప్రాంతపు సోతెర్న్ గ్రామములందు దీనిని పండింతురు. సిరోన్ అను చిన్నయేటి చల్లని నీరు గరోన్ నది వెచ్చని నీటితో కలియునపుడు శరత్కాలపు ఉదయములందు పొగమంచు లేచును. ఆ తేమకు పండ్లపై బోట్రైటిస్ అను బూజు పట్టును. మధ్యాహ్నపు ఎండకు ఆ బూజు మితిమీరక, పండులోని నీటిని మాత్రము హరించి, తీపిని, పులుపును, సువాసనను చిక్కబరచును. బూజుపట్టిన పండ్లను ఒక్కొక్కదానిని ఏరి, పలుమారులు తోట తిరిగి కోయవలసియుండును. 1855లో బోర్డో వైనులకు తరగతులు ఏర్పరచినపుడు ఇచటి షాతో దికెమ్ ఒక్కటియే తెల్ల వైనులలో అన్నింటికి మించిన తరగతి పొందెను. తీగ ఒకదానికి ఒక గ్లాసు వైనుకంటె ఎక్కువ రాదని అచట చెప్పుకొందురు. హంగేరీ దేశమున టొకాయ్ ప్రాంతపు ఫుర్మింట్ అను తెల్లద్రాక్ష ఇదే విధముగా బూజువలన ధన్యమైనది. ఆ ప్రాంతపు ఎల్లలను 1737లోనే రాజశాసనముచే నిర్ణయించిరి.

ఇంతవరకు విన్నవి రాజాస్థానములందు, మఠములందు, మహానగరములందు సత్కారము లందిన పేర్లు. ఇక తిరస్కారము పొందిన పేరొకటి వినవలసియున్నది. అది గువే బ్లాన్.

మధ్యయుగమున ఈశాన్య ఫ్రాన్సు నుండి జర్మనీ, హంగేరీల వరకు కూలివాడు, చిన్నరైతు నాటుకొన్న తెల్లద్రాక్ష ఇది. మంచి వాలునేలలు ప్రభువులకు, మఠములకు పోగా, మిగిలిన పల్లపు చలినేలలలో ఇది పండెడిది. కాపు మెండు, రుచి తక్కువ, పులుపు ఎక్కువ. గువే యను పేరే పాత ఫ్రెంచి భాషలో ఈసడింపు మాటనుండి వచ్చినదందురు. జర్మనులు దీనిని హొయినిష్ అనిరి. హూణులది యని దాని భావముగా చెప్పుదురు. పండ్రెండవ శతాబ్దమున బింగెన్ మఠపు హిల్డెగార్డ్ అను విదుషీమణి వైనులను రెండుగా విభజించినది: మేలైనవి ఫ్రాంకులవి, నాసివి హూణులవి. మన చరిత్రగ్రంథములలో కనబడు హూణుల పేరు అచటను నిందార్థముననే నిలిచియుండుట గమనింపదగినది. గువేను నాటరాదని, నాటినదానిని పెరికివేయవలెనని పలుచోట్ల పలుమారులు శాసనములు వెలువడినవి.

ఇట్లుండగా 1999లో ఒక పరిశోధనావ్యాసము వెలువడెను. బవర్స్, మెరెడిత్, ఫ్రాన్సునకు చెందిన బూర్సికో మున్నగువారు మూడు వందలకు పైబడిన ద్రాక్షజాతుల జన్యులక్షణములను పోల్చిచూచిరి. షార్డొనే తలిదండ్రులు ఇరువురును తేలిరి. ఒకటి బర్గండీ ప్రభువుల అభిమానపాత్రమైన పినో. రెండవది గువే బ్లాన్! షార్డొనే మాత్రమే కాదు. అలిగొతే, మస్కడే వైను నిచ్చు మెలోన్, నల్లద్రాక్షయైన గామే, ఇట్లు మొత్తము 16 జాతులు ఈ దంపతుల సంతానమే. వీనిలో షార్డొనే, అలిగొతే, గామేలకు గువేయే తల్లియని తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకులు నిర్ధారించిరి. రీస్లింగునకును తలిదండ్రులలో ఒకటి ఈ గువేయే. ఫుర్మింట్ కూడ దీని బంధుకోటిలోనిదే. కొలంబార్ అను ద్రాక్ష శెనిన్ బ్లాన్‌కును గువేకును పుట్టినది.

ఋషిమూలము, నదీమూలము విచారింపరాదని మన పెద్దలు చెప్పిరి. విచారించినచో గౌరవము తగ్గునని వారి భయము కాబోలు. ద్రాక్ష విషయమున విచారించుటయే మేలైనది. తగ్గవలసిన గౌరవమేదియు తగ్గలేదు. షార్డొనే సీసా వెల ఒక్క రూకయు పడిపోలేదు. కాని శతాబ్దములు నిందపడిన తల్లికి బిడ్డల పేరు దక్కెను.

అన్నదమ్ముల కథ వినుడు. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్పు గామే తీగను చెడ్డదిగాను, ద్రోహిగాను నిందించి, తన రాజ్యమునుండి పెరికివేయ నాజ్ఞ చేసెను. ఆ గామే షార్డొనేకు తోడబుట్టినదని ఆయన ఎరుగడు. ఒకే తలిదండ్రుల బిడ్డలలో ఒకదానికి సింహాసనము, మరియొకదానికి దేశబహిష్కారము! గామే దక్షిణమునకు పోయి, బోజొలే కొండలలో తనకు తగిన గ్రానైటు నేలను చూచుకొని, తన కీర్తిని తాను సంపాదించుకొన్నది.

ఇందు ఆలోచింపవలసిన అంశము మరియొకటి కలదు. గువేను పెరికివేయవలెనన్న శాసనములు పూర్తిగా అమలు జరిగియున్నచో, అదియు షార్డొనే మొలకెత్తుటకు ముందే జరిగియున్నచో, ఏమయ్యెడిది? పినోకు తోడు లభించెడిది కాదు. షార్డొనే లేదు, రీస్లింగు లేదు. పినో, గువే పరస్పరము దూరపు లక్షణములు కలవి. ఒకటి సుకుమారము, మరియొకటి మొరటుది. ఆ దూరమువలననే వాని సంతానము బలమైనదైనది. మఠపు తోట ప్రక్కనే కూలివాని తోట యుండుట ఈ మేలునకు హేతువు. గాలికి పుప్పొడి ఎగిరినది. దానికి ఏ శాసనమును అడ్డుపడలేదు.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికా నుండి వచ్చిన ఫిలోక్సెరా యను వేరుపురుగు ఐరోపా తోటలను నాశనము చేసెను. 1868లో మొంపెలియే పండితుడు ప్లాంషాన్, ఆయన సహచరులు ఆ పురుగును కనుగొనిరి. తుదకు అమెరికా ద్రాక్షల వేరుపై ఐరోపా కొమ్మను అంటుకట్టుటయే నివారణోపాయమని తేలెను. అయితే అంటుకట్టి తిరిగి నాటునపుడు రైతులు లాభసాటి జాతులనే నాటిరి. పేరులేనివి వందలకొలది అంతరించినవి. గువేయు దాదాపు మాయమైనది. స్విట్జర్లాండు కొండలలో విస్పర్‌టెర్మినెన్ గ్రామమునను, ఆస్ట్రేలియాలోని రూథర్‌గ్లెన్ వంటి ఒకటి రెండు చోట్లను, పరిశోధనాక్షేత్రములలోను మాత్రము అది మిగిలెను. వేరుపురుగు ఇసుకలో బ్రతుకజాలదు. ఈ కారణమున ఫ్రెంచి ప్రభుత్వ సంస్థ 1949లో మధ్యధరా సముద్రతీరపు ఇసుకనేలయందు, వసాల్ అను చోట, రెండు వేలకు మించిన ద్రాక్షజాతులకు ఆశ్రయము కల్పించెను. ఎవరికిని అక్కరలేని తీగకు కూడ ఒక సంఖ్య వేసి, ఒక వరుసలో నాటి, ఏటేట కొమ్మలు కత్తిరించుచు కాపాడిన ప్రభుత్వోద్యోగుల శ్రమ లేనిచో 1999 నాటి పరిశోధన సాధ్యము కాకపోయెడిది.

తుదకు ఒంటరి తీగ కథ యొకటి. ఆస్ట్రియా దేశపు తోటలలో సుమారు మూడవవంతు ఆక్రమించినది గ్రూనర్ వెల్ట్‌లీనర్ అను తెల్లద్రాక్ష. మిరియపు ఘాటు దాని లక్షణము. దాని తలిదండ్రులలో ఒకటి ట్రమీనర్ అని తెలిసినది. రెండవదేదో తెలియలేదు. 2000లో బుర్గెన్‌లాండ్ ప్రాంతపు సాంక్ట్ గియోర్గెన్ గ్రామమున, పాడుబడి పొదలు కమ్మిన ఒక స్థలమున, ఒకే ఒక ముసలి తీగ కనబడెను. దానికి పేరు లేదు. అటువంటి తీగ వేరొక చోట కనబడలేదు. పరీక్షించి చూడగా తప్పిపోయిన తల్లియో తండ్రియో అదియే యని తేలెను. 2011లో ఎవరో దుండగులు దానిని నరికివేయ యత్నించిరి. అది చావక చిగిర్చినది. అప్పటికే దాని కొమ్మలను గైకొని వేరుచోట్ల నాటుట ఆరంభమైయుండుట అదృష్టము. ఒక దేశపు ప్రధాన పంటకు మూలమైనది, పేరులేక, పొదలచాటున, ఒంటరిగా మిగిలియుండెనన్న విషయము ఎంతవారినైనను ఆలోచింపజేయును.

మన దేశమున మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతమున 1990ల దశకపు చివర సోవిన్యోన్ బ్లాన్, శెనిన్ బ్లాన్ తీగలను నాటిరి. 2000 నాటికి వాని వైనులు వెలువడినవి. అచట మంచు లేదు గనుక తీగ నిద్రించుటకు వేళ లేదు. వానలు వెలిసిన పిదప కత్తిరించి, చలికాలమున పండించి, ఎండలు ముదురక మునుపే కోయుదురు. తెలుగువారికి స్వంతమనదగిన తెల్లద్రాక్ష హైదరాబాదు పరిసరములందు కీర్తి గడించిన అనబ్-ఎ-షాహి. అది వైను కొరకు కాదు, పండుగా తినుటకు. పొడవైన కాయ, పలుచని తొక్క, నిండు గుత్తి. నగరము విస్తరించిన కొలది ఆ తోటలు తరిగి, ఇండ్లు వెలసినవి. విత్తనము లేని జాతులు అంగడిని ఆక్రమించినవి. ఆ పండును చిన్ననాట రుచిచూచిన పెద్దలు ఈ సభలోనే యుందురు. వారు తమ పిల్లలకు దాని పేరైనను చెప్పియుందురా?

ద్రాక్షయొక్కటియే కాదు. మన వరులు, మన మామిడులు, మన జొన్నలు అన్నియు ఇట్టి స్థితిలోనే యున్నవి. ఏది ఘనమో, ఏది నీచమో నేటి అంగడి నిర్ణయించును. కాని రేపటి ఘనమైన దానికి తల్లి కాగలది నేడు ఎవ్వరును కొననిదై యుండవచ్చును. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదన్న సామెత మన నోట నుండనే యున్నది. గువే బ్లాన్ కథ ఆ సామెతకు వెయ్యేండ్ల సమాధానము. సెలవులకు స్వగ్రామము పోయినవారు పెరటిలోని పాత మామిడిచెట్టు పేరేమని తాతగారిని అడిగి వ్రాసికొన్నచో, కాట్జెనెల్న్‌బోగెన్ గుమాస్తా వ్రాసిన పద్దువలె అదియు ఒకనాటికి అక్కరకు రావచ్చును.